దయ్యాన్ని వెనక్కి తిప్పి చూడండి

దయ్యాలు ఉన్నవా, లేవా అన్న వివాదంలోకి నేనిప్పుడు దిగబోవడం లేదు. ఆ సంగతి తేల్చడానికి నాకంటె పెద్దలు ఎందరో ఉన్నారు. సినిమా దయ్యాలు మాత్రం ఉన్నవి. అందులో సందేహం లేదు. వాటికి తెల్లచీర ఉన్నది, విరబోసుకున్న జుట్టు ఉన్నది, కాలికి గజ్జెలున్నవి. అన్నిటికన్న ముఖ్యంగా ఒక నిర్మాత ఉన్నాడు. ఆ నిర్మాత చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు పుట్టిన దయ్యాలంటే నాకు చిన్ననాటి నుంచీ ఒక ప్రత్యేకమైన అభిమానం.

తెలుగు ఎం.ఏ. చదివి, నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ప్రబంధాలు పాఠం చెప్పుకునే మనిషికి ఈ అభిమానమేమిటని మా ఇంటావిడ అప్పుడప్పుడు అడుగుతూ ఉంటుంది. అడగడంలో తప్పు లేదు. మా బీరువాలో మనుచరిత్ర పక్కన ఆరేడు పాత వీడియో క్యాసెట్లు, వాటి పక్కన ఒక అట్టపెట్టె నిండా వి.సి.డి.లు కూర్చుని ఉన్నవి. క్యాసెట్లను ఆడించే యంత్రం చెడిపోయి చాలా ఏండ్లయింది. "దయ్యాలే ఇల్లు ఖాళీ చేసి పోయినవి. మీరు మాత్రం ఇంకా అద్దె కడుతున్నారు" అని ఆమె హాస్యమాడుతుంది. ఆమెకు చెప్పవలసిన సమాధానమే ఈ నాలుగు మాటలూ అనుకోండి.

చవక దయ్యాలకు మన తెలుగునాట ఆదిగురువు ఎవరంటే, చిన్నపిల్లవాణ్ణి అడిగినా కాకపోయినా, వాడి తాతగారిని అడిగితే చెబుతారు - బి. విఠలాచార్య. ఉడుపి ప్రాంతంలో 1920 లో పుట్టి, కన్నడంలో చిత్రాలు తీసి, మద్రాసు చేరి, తెలుగువారికి జానపద బ్రహ్మ అయినాడు. 1999 లో కన్నుమూశాడు. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) చిత్రాల్లో మార్కస్ బార్‌ట్లే కెమెరా చేసిన మాయ వెనుక విజయా సంస్థ అండ ఉన్నది. విఠలాచార్యగారి అండ అల్లా పొదుపు. ఏ నటుడైనా కాల్‌షీట్ల దగ్గర పేచీ పెడితే, ఆ పాత్రను మునిశాపంతో చిలుకగానో మేకగానో మార్చి, మిగతా కథ ఆ చిలుకతోనే నడిపించేవాడని సినిమావాళ్ళలో ఒక ముచ్చట ప్రచారంలో ఉన్నది. నిజమో కాదో గాని, ఆయన చిత్రాలు చూసినవారెవరూ దానిని కాదనరు!

ఆయన 1978 లో తీసిన 'జగన్మోహిని'ని తలచుకోండి. అందులో జయమాలిని దయ్యం. వంటకు కట్టెలు లేకపోతే తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వండుతుంది. ఆ ఘట్టం చూసి హాల్లో ఆడవాళ్ళు కెవ్వుమన్నారని చెప్పేవారు. మా నాయనమ్మ మాత్రం కెవ్వుమనలేదు. వేసంగిలో పుల్లలేరుకోను గుట్టలెక్కి దిగిన మనిషి ఆమె. "గిసొంటి కోడలు దొరికితే కట్టెల కర్సు లేకపోవు గదనే" అని పక్కనున్న ఆమెతో అన్నది. విఠలాచార్యగారు వినవలసిన విమర్శ అది. విని ఉంటే సంతోషించేవారే.

ఇక మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు తెలుగు దయ్యాలు చాలవు. నిజాం రాజ్యంలో ఉండి వచ్చినవాళ్ళం కదా. ఉర్దూ, హిందీ దయ్యాలు కూడా మనకు చుట్టాలే. అవి రామ్సే సోదరుల దయ్యాలు. వారి తండ్రికి కరాచీలో రేడియోల దుకాణం ఉండేది. దేశ విభజన తరువాత బొంబాయి చేరారు. అన్నదమ్ములు ఏడుగురు. ఒకడు కెమెరా పట్టుకుంటే ఇంకొకడు మాటల రికార్డింగు చూసేవాడు, మరొకడు దర్శకత్వం. 1972 లో 'దో గజ్ జమీన్ కే నీచే', 1984 లో 'పురానా మందిర్', 1988 లో 'వీరానా' - అన్నీ ఆ ఇంటి సరుకే. పెద్ద తారలు లేరు, పెద్ద సెట్లు లేవు. పాడుబడ్డ బంగళా ఒకటి, పొగ కాస్త, ఆరున్నర అడుగుల భూతం ఒకటి ఉంటే చాలు.

పేరున్న విమర్శకులు ఈ చిత్రాల వంక కన్నెత్తి చూసేవారు కారు. పట్టణాల్లోని పెద్ద హాళ్ళలో అవి ఎక్కువ రోజులు నిలిచేవీ కావు. మరి ఇంతకాలం ఎట్లా బతికినవి? వాటిని బతికించింది అరంగుళం వెడల్పున్న నల్లటి టేపు.

జపానులో 1976 లో వి.హెచ్.ఎస్. క్యాసెట్టు అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 1982 ఆసియా క్రీడలతో రంగుల టెలివిజను వచ్చింది. దాని వెనకాలే వి.సి.ఆర్. వచ్చింది. మూడు గంటల టేపు మన తెలుగు సినిమాకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఊరూరా అద్దె దుకాణాలు వెలిసినవి. ఆ దుకాణాలు తక్కువవి కావు సుమండీ! హైదరాబాదు అమీర్‌పేటలో అట్లాంటి దుకాణం నడిపిన యువకుడే రామ్‌గోపాల్ వర్మ. 'శివ' తరువాత 1992 లో ఆయన 'రాత్రి' తీశాడు, ఆ తరువాత 1996 లో 'దెయ్యం' తీశాడు. పగలంతా క్యాసెట్లు అద్దెకిచ్చినవాడు ప్రేక్షకులు దేనికి భయపడతారో తెలుసుకోకుండా ఉంటాడా?

1984 లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వీడియో క్యాసెట్టు మీద నిర్మాత పేరూ చిరునామా, సెన్సారు పత్రం కనపడాలన్నారు. మా ఊరికి వచ్చే క్యాసెట్ల మీద నిర్మాత చిరునామా మాట అటుంచి, సినిమా పేరే సగం ఉండేది కాదు. ఇందులో మనమే ప్రత్యేకమని అనుకోకండి. అమెరికాలో జార్జి రొమేరో 1968 లో సుమారు లక్షా పద్నాలుగు వేల డాలర్లతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' అనే శవాల చిత్రం తీశాడు. చివరి నిమిషంలో పేరు మార్చే గొడవలో కాపీరైటు ముద్ర వేయడం మరిచారు. దానితో చిత్రం ఊరుమ్మడి సొత్తయిపోయింది. వీడియోలు వచ్చినాక ఎవరికి తోచిన పెట్టెలో వారు దాన్ని పెట్టి అమ్ముకున్నారు. తీసినవారికి రావలసిన డబ్బు పోయింది గాని, లోకమంతటా ఆ చిత్రం పేరు నిలిచింది.

మా ఊరు దేవరకొండ వైపు. దసరాకో పెండ్లికో పట్నం నుంచి టి.వి., డెక్కు అద్దెకు తెచ్చేవారు. బస్సులో టి.వి.ని ఒళ్ళో పసిపిల్లలాగ పెట్టుకుని వచ్చేవారు. వాకిట్లో బల్ల మీద పెట్టి, రాత్రంతా మూడు సినిమాలు వేసేవారు. వాటిలో ఒకటి దేవుడిది, ఒకటి కొట్లాటలది, ఒకటి దయ్యానిది. దయ్యానిది ఎప్పుడూ నడిమిజామున వేయాలి, అది నియమం.

అద్దె క్యాసెట్లలో ఒక విచిత్రం ఉండేది. యంత్రం లోపల ఒక గుండ్రటి డప్పు గిరగిర తిరుగుతూ టేపును రుద్దుకుంటూ బొమ్మను చదువుతుంది. బొమ్మను ఆపి ఉంచితే టేపు కదలదు, డప్పు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఒకేచోట అరిగిపోతుంది. అందుచేత, జనం ఎక్కడ ఎక్కువగా ఆపి చూశారో, ఎక్కడ మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పారో, అక్కడ తెర మీద తెల్లటి గీతలు, చుక్కలు పడేవి. తెర మీద జాజర మొదలైందంటే ఇక దయ్యం వస్తున్నదన్నమాట! గజ్జెల చప్పుడు కన్న ముందు ఆ గీతలే చెప్పేవి. మనకు ముందు ఏ నకిరేకల్లులోనో ఏ అచ్చంపేటలోనో కూర్చున్న పది కుటుంబాల వాళ్ళు, అదే చోట ఆపి, ఒకరి నొకరు పట్టుకుని చూశారని ఆ గీతలకు అర్థం.

ఇదే సమయంలో ఇంగ్లండులో పెద్ద రభస జరిగింది. అమెరికాలో కొద్దిపాటి డబ్బుతో కుర్రవాళ్ళు తీసిన 'ది ఈవిల్ డెడ్' వంటి చిత్రాలు వీడియోగా ఇండ్లకు చేరుతున్నవని అక్కడి పెద్దలు బెంబేలెత్తారు. 72 చిత్రాలకు ఒక జాబితా వేసి, దుకాణాల మీద పోలీసులను పంపి, 1984 లో వీడియోల కోసమే ఒక చట్టం చేశారు. హాల్లో అయితే బొమ్మ ఒక్కసారి పోతుంది. ఇంట్లో అయితే పిల్లలు ఆ ఘట్టాన్నే తిప్పి తిప్పి చూస్తారు, వారి బుద్ధి చెడుతుంది - ఇదీ వారి వాదన.

ఆ పెద్దల మీద నాకు గౌరవమే. పిల్లలు చూడరాని చిత్రాలు ఉన్నవి. ఇద్దరు పిల్లల తండ్రిగా నేనూ ఒప్పుకుంటాను. అయితే తిప్పి చూడడం వల్ల ఏమి జరుగుతుందన్న ఒక్క విషయంలో నా అనుభవం వేరు. అదేమిటో చెబుతాను.

1989 దసరా. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. ఆ పండుగకు వారం ముందు మా ఊళ్ళో ఒక పిల్లవాడికి కండ్లు తేలవేసి, నోట నురుగు వచ్చింది. అదే వారంలో ఎవరిదో పాడిబర్రె చచ్చింది. చెరువు కట్ట మీద నడిరాత్రి ఒక మంట దానంతటదే పోతూ ఉండగా ఇద్దరు చూశారు. కొరివిదయ్యం! అయితే దయ్యం ఊరికే రాదు గదా, ఎవరో పంపాలి. వాడకట్టు చివర ఒంటరిగా ఉండే ఒక ముసలామె ఉన్నది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఎవరితో ఎక్కువ మాట్లాడదు. ఇంకేమి కావాలి? బాణామతి చేస్తున్నదన్నారు. మంత్రం పలకకుండా పండ్లూడగొట్టాలని కచ్చీరు దగ్గర మాట లేచింది. పాఠకులు ఇది అతిశయోక్తి అనుకోవద్దు. మన జిల్లాల్లో అట్లా పండ్లు పోగొట్టుకున్నవారు, ప్రాణాలే పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఆ పండుగ రాత్రి మా వాకిట్లో వీడియో వేశారు. మా నాయన బడిపంతులు. యంత్రం మీటలు ఆయన చేతిలోనే ఉండేవి. నడిమిజామున పేరు చీటీ చిరిగిపోయిన ఒక పాత జానపద చిత్రం పడింది. స్మశానంలో ఒక కాగడా ఎవరూ పట్టుకోకుండా గాలిలో తేలుతూ వస్తున్నది. తెర నిండా గీతలు. పిల్లలందరం దుప్పట్లలోకి దూరాము. ఆడవాళ్ళు "మన చెరువు కట్ట మీద గూడ గిట్లనే" అని గుసగుసలాడారు.

మా నాయన బొమ్మను ఆపాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి ముందు వరుసలో ఉన్న ఒక పిల్లవాడు లేచి, తెర మీద వేలు పెట్టి అరిచాడు: "తీగె! సారూ, తీగె!"

నిజమే. కాగడా పై నుంచి వెంట్రుకవాసి సన్నటి తీగె, మెరుస్తూ, తెర పైకి పోతున్నది. నాలుగోసారి అందరూ దుప్పట్లు తీసి చూశారు. అయిదోసారి నవ్వారు. ఆరోసారి వేయమని అడిగినవాళ్ళలో కచ్చీరు దగ్గర గట్టిగా మాట్లాడిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. అప్పుడు మా నాయనమ్మ అన్నది: "సిన్మ దయ్యాన్ని ఆరుసార్లు జూస్తిరి. కట్టమీది దాన్ని ఒక్కపాలే జూసి పరుగెత్తుకొస్తిరి. దాన్ని గూడ ఇంకోపాలి జూడుండ్రి."

మర్నాటి రాత్రి మా నాయన, ఆ పెద్దమనిషి, ఇంకో ఇద్దరు చెరువు కట్ట కింద తాటిచెట్ల వెనుక కూర్చున్నారు. పన్నెండు దాటినాక మంట వచ్చింది. ఊగుతూ వచ్చింది. కట్ట మలుపులో ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది. నలుగురూ బిక్కుబిక్కుమంటూ ఎదురువెళ్ళారు. చూస్తే ఆ ముసలామె! చేతిలో కందిలి. ఆ రోజుల్లో పంపుసెట్లకు కరెంటు నడిరాత్రి వచ్చేది. ఆమెకు చెరువు వెనుక ఉన్న అరెకరం మడికి నీళ్ళు పారాలంటే ఆ వేళకు పోయి బావి దగ్గర మోటారు వేయవలసిందే. పగలు పోతే ఏముంటుంది? ఎదురుగా చీకట్లో నలుగురు మొగవాళ్ళు కనపడేసరికి ఆమె కందిలి జారవిడిచి, "ఎవల్రా మీరు? దయ్యాలా, మనుషులా? నాకు బుగులైతుంది!" అని గొల్లుమన్నదట.

పిల్లవాణ్ణి నల్లగొండ ఆసుపత్రికి తీసుకుపోయారు. అది మూర్ఛరోగం, మాత్రలతో కుదురుకున్నది. ఆమె మరో పన్నెండేండ్లు బతికింది, పండ్లతో సహా.

వీడియో ఒక్కటే ఆమెను కాపాడిందని నేననను. మాత్రలు కాపాడినవి, మా నాయనమ్మ నోరు కాపాడింది. కాని "ఇంకోసారి చూద్దాం" అన్న బుద్ధి ఆ రాత్రి మా వాకిట్లోకి ఆ యంత్రంతోనే వచ్చింది. అంతవరకు మేము చూసిన దయ్యాలన్నీ ఒక్కసారి కనపడి మాయమయ్యేవే. చెప్పినవాడి మాట మీద నమ్మవలసినవే. వెనక్కి తిప్పడానికి వీలైన మొట్టమొదటి దయ్యం ఆ క్యాసెట్టులోది.

తరువాత ఎం.ఏ.లో రసప్రకరణం చదివేటప్పుడు నాకు ఆ రాత్రే గుర్తుకు వచ్చేది. భయం స్థాయిగా గలది భయానక రసమని భరతముని చెప్పినాడు. రసమంటే ఆస్వాదించేది. అడవిలో పులి ఎదురైతే రసం లేదు, పరుగే ఉన్నది. రంగస్థలం మీద పులి అయితే రసం. మొదటిసారి చూసినప్పుడు కాగడా మాకు భయానకం. తీగె కనిపించినాక అది అద్భుతం - ఎంత నేర్పుగా కట్టాడురా అని. అయిదోసారికి హాస్యం. ఒక్క టేపు ముక్కలో మూడు రసాలు! పారిసులో మెలియే అనే గారడీవాడు 1896 లోనే కెమెరాను ఆపి, మనిషిని పక్కకు జరిపి, మళ్ళీ తిప్పి, మనిషిని మాయం చేశాడు. విఠలాచార్యగారి అస్థిపంజరాలు ఆ వంశం వారే. మన కాశీమజిలీ కథలు, భేతాళ కథలు ఇంకో పుట్టిల్లు. కాబట్టి మనుచరిత్ర పక్కన ఆ క్యాసెట్లు ఉండడం అంత అపచారమేమీ కాదు. పాదలేపనం రాసుకుని ప్రవరుడు హిమాలయానికి ఎగిరిపోయినప్పుడు తీగె కనపడలేదు. పెద్దన నేర్పు అది!

కాలం మారింది. క్యాసెట్టు పోయి వి.సి.డి. వచ్చింది. ఒక్కొక్క బిళ్ళ గంటంబావు కన్న ఎక్కువ పట్టదు గనుక దయ్యం సగంలో ఉండగా లేచి బిళ్ళ మార్చవలసి వచ్చేది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు ఇచ్చింది. నా అట్టపెట్టెలో సగం ఆనాటి సరుకే. జపానులో ఫునాయ్ కంపెనీ 2016 లో వి.సి.ఆర్.ల తయారీ ఆపివేయడంతో ఆ యంత్రం కథ ముగిసింది. ఇంతలో ఒక వింత జరిగింది. విదేశాల్లో ఇట్లాంటి చిత్రాలను వెతికి తెచ్చే మోండో మకాబ్రో అనే సంస్థ, మనవాళ్ళు మొగం చిట్లించిన 'పురానా మందిర్', 'బంద్ దర్వాజా' వంటి రామ్సే చిత్రాలను డి.వి.డి.లుగా, ఆ తరువాత బ్లూ-రేలుగా శ్రద్ధగా తీసుకువచ్చింది. ఆరున్నర అడుగుల మన భూతాన్ని అక్కడివారు గౌరవంగా బీరువాల్లో పెట్టుకుంటున్నారు.

ఇప్పుడు మా విద్యార్థుల జేబుల్లో ఉన్న ఫోను, వీడియో చూపించడంలో ఆ డెక్కుకు తాతవంటిది. ఆపవచ్చు, తిప్పవచ్చు, పెద్దది చేసి చూడవచ్చు. అయినా 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవని ఫోన్లలో వీడియోలు వస్తే, మన తెలంగాణలోనే అమాయకుల మీద జనం పడి కొట్టారు. ప్రాణాలు కూడా పోయినవి. మీట వేలి కిందే ఉన్నది. తిప్పి చూసినవారే కరవు. అందుకే ప్రతి ఏడూ ఒక రోజు ప్రబంధ పాఠం పక్కన పెట్టి, తరగతిలో ఒక పాత జానపద చిత్రంలోని దయ్యం ఘట్టం వేస్తాను. మొదట భయపడమంటాను. తరువాత తిప్పి చూడమంటాను. తీగె ఎవరు ముందు పట్టుకుంటారో వారికి ఆ పూట హాజరు మినహాయింపు! ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలతో కూర్చుని ఈ పని చేస్తే ఇంకా మంచిది. దానికి డిగ్రీ అక్కరలేదు.

విఠలాచార్యగారి చిత్రాలు కూడా ఏదో ఒకనాడు, మాసిన గీతలు తుడిచి, రంగులు దిద్ది, అందమైన పెట్టెలో ఎవరైనా తెస్తారని నా ఆశ. ఈ కాలపు యంత్రాలు బొమ్మలో ఏ మరకనైనా తుడిచివేయగలవు. ఆ పని చేసే మహానుభావులకు ఒక్క మనవి. గీతలు తుడవండి, మసక తుడవండి. ఆ తీగెను మాత్రం ఉండనివ్వండి.